రొమ్ములో గడ్డ, రిపోర్టులో బైరాడ్స్ 3: ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు, ఏం చేయాలి?

వడ్డేపల్లి వదిన (హన్మకొండ)

అందరికీ నమస్తే. మా ఆడబిడ్డకు 27 ఏళ్లు, పెళ్లి కాలేదు, సంబంధాలు చూస్తున్నాం. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో పైన, చంక వైపు గట్టిగా ఏదో చేతికి తగిలిందట. నొప్పి లేదు, నొక్కితే జారిపోతోంది. ఎవరికీ చెప్పకుండా దాచుకుని దాచుకుని మొన్న నాతో అన్నది, నేను వెంటనే స్కాన్ చేయించాను. రిపోర్టులో "ఎడమ రొమ్ము, 2 గంటల స్థానం, 14 × 9 మి.మీ., అంచులు స్పష్టంగా ఉన్నాయి, బైరాడ్స్ 3" అని ఉంది. రాసిచ్చిన డాక్టరమ్మ ఊళ్లో లేరు, సోమవారం వస్తారట. ఈలోపు మా అత్తమ్మ వేడి చేసిందంటోంది, మామయ్య ములుగు దిక్కు ఎవరో పసరు కడతారు పదమంటున్నారు, మా ఆయనేమో నేరుగా హైదరాబాద్ పోదామంటున్నారు. పిల్ల ఫోన్‌లో ఏవేవో చదివి అన్నం మానేసింది. బైరాడ్స్ 3 అంటే మూడో స్టేజీనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాజీపేట జంక్షన్

నొప్పి లేదంటున్నారు కదా, ఇక టెన్షన్ ఎందుకు. క్యాన్సర్ అయితే నొప్పికి మనిషి కూర్చోలేదు. మా ఆఫీసులో ఒకావిడకు ఇట్లనే వచ్చి దానంతట అదే పోయింది. వదిలేయండి.

స్టాఫ్ నర్స్ అక్క (వరంగల్)

తమ్మీ, నువ్వు మంచికే చెప్పావు గానీ సరిగ్గా తలకిందులు చెప్పావు. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. నొప్పి పెట్టేవి ఎక్కువగా నెలసరి ముందు వచ్చే వాపులు, నీటి తిత్తులు, పాలగడ్డలు. నొప్పి లేదు కాబట్టి ఏం కాదనుకుని ఏడాది, ఏడాదిన్నర ఇంట్లో కూర్చుని, చర్మం పగిలి రసి కారుతుంటే అప్పుడు వార్డుకు వచ్చేవాళ్లను చూస్తున్నాను. పొలం పని, పత్తి ఏరుడు, పిల్లల పెళ్లిళ్లు, అన్నీ అయ్యాక వస్తారు. అడిగితే "నొప్పి లేకుండె బిడ్డా" అంటారు. అందుకే ఆ మాట ఇక్కడ ఎవరూ అనకండి.

వదినా, మీరు స్కాన్ చేయించి మంచి పని చేశారు.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

ముందు ఆ అమ్మాయికి అన్నం పెట్టండి. బైరాడ్స్ అంటే స్టేజీ కాదు. స్టేజీ అనేది క్యాన్సర్ అని తేలిన తర్వాత వచ్చే లెక్క. బైరాడ్స్ అనేది స్కానో మామోగ్రామో (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) చూసిన రేడియాలజిస్టు తనకు ఎంత అనుమానం ఉందో చెప్పే నంబరు, అంతే. 0 అంటే ఇంకో పరీక్ష కావాలి, ఇప్పుడే చెప్పలేం. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది మామూలు గడ్డే. 3 అంటే "మామూలుదే అనిపిస్తోంది, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 లోపే, ఆరు నెలలకు మళ్లీ చూద్దాం" అని. 4 వస్తే ముక్క తీసి చూడాలి, 5 వస్తే 95 శాతం పైన అనుమానం. 6 అంటే క్యాన్సర్ అని ముందే తేలింది.

ఇక 2 గంటల స్థానం. డాక్టర్ ఎదురుగా నిలబడి చూసినట్టు రొమ్ము మీద గడియారం ఊహించుకోండి, చనుమొన మధ్యలో, 12 పైన. ఎడమ రొమ్ములో 2 అంటే పైన, చంక వైపు. రెండోసారి ఎవరు స్కాన్ చేసినా అదే చోట వెతకడానికి ఆ గుర్తు. కాబట్టి పాత రిపోర్టు పారేయకండి. ప్రతి స్కాన్‌కూ తీసుకెళ్లండి. "పెరిగిందా" అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంటుంది.

27 ఏళ్లు, నున్నగా ఉంది, నొక్కితే జారుతోంది అంటున్నారు. ఈ వయసులో ఇలాంటివి ఎక్కువ శాతం ఫైబ్రోఅడినోమాలే, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డలే. అయితే చూడకుండా నేను ఖాయంగా చెప్పను, చెప్పకూడదు కూడా. రొమ్ము గడ్డ దేనికైనా మూడు జరగాలి: డాక్టర్ చేత్తో చూడాలి, స్కానో మామోగ్రామో తీయాలి, అవసరమైతే సూదితో నమూనా తీయాలి. మూడూ ఒకే మాట చెబితేనే నిశ్చింత. ఏ రెండింటికి పొంతన కుదరకపోయినా ఆ గడ్డను వదలం. మీకు స్కాన్ అయిపోయింది, సోమవారం డాక్టరమ్మ చేత్తో చూసి మూడోది కావాలో లేదో చెబుతారు. ఈ రెండు రోజుల్లో ఏమీ మునిగిపోదు.

భద్రకాళి బండ్ వాకర్

డాక్టర్ గారూ, అసలు లోపల ఏముంటుందో కొంచెం చెప్పరా. బైపీసీ చదివాను, ఈ పాఠం వచ్చేసరికి మా సార్ "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేశారు. నలభై దాటాను, ఇప్పటికీ తెలియదు. నెలసరికి వారం ముందు నుంచి రెండు వైపులా బరువు, గడ్డలు గడ్డలుగా తగులుతుంది, రాగానే తగ్గిపోతుంది. మెడికల్ షాపులో ఏదో నూనె గోలీలు ఇచ్చారు, మూడు నెలలు వాడమన్నారు.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

ఆ సార్లు తిప్పేసిన పేజీల వల్లే మాకు ఓపీలో సగం పని. చెబుతాను.

రొమ్ము ఛాతీ కండరం మీద కూర్చుని ఉంటుంది, సుమారు రెండో పక్కటెముక నుంచి ఆరో పక్కటెముక దాకా. ఒక తోకలాంటి భాగం చంకలోకి కూడా పోతుంది. చెయ్యి పెట్టి చూసుకునేవాళ్లు ఈ తోకను మర్చిపోతారు. లోపల 15 నుంచి 20 తమ్మెలు, వాటిలో పాలు తయారయ్యే సన్నటి గదులు, వాటి నుంచి నాళాలు. పొలాల్లోని పిల్లకాలువలన్నీ కలిసి పెద్ద కాలువై చివర తూము దగ్గర తేలినట్టు ఆ నాళాలన్నీ చనుమొన దగ్గరకు వచ్చి తెరుచుకుంటాయి. మధ్యలో నిండా కొవ్వు. ఆ మొత్తాన్ని చర్మానికి, లోపలికి పట్టి ఉంచే పీచుతాళ్లు ఉంటాయి. క్యాన్సర్ గడ్డ ఆ తాళ్లను లాగితే పైన చర్మం సొట్ట పడుతుంది. అద్దం ముందు చేతులు పైకెత్తి చూసుకోమని చెప్పేది ఆ సొట్ట కోసమే. చనుమొన చుట్టూ నల్లటి భాగంలో చిన్న చిన్న గుల్లల్లా ఉండేవి నూనె గ్రంథులు, వాటిని చూసి భయపడి గిల్లేవాళ్లున్నారు, గిల్లకండి.

రొమ్ము నుంచి వచ్చే లింఫు అనే ద్రవం నూటికి 75 వంతులు చంకలోని బిళ్లలకే పోతుంది. అందుకే రొమ్ము చూసే డాక్టర్ చంక చూడకపోతే పరీక్ష సగమే అయినట్టు.

మీ నొప్పి సంగతి. ఈస్ట్రోజన్ నాళాల మీద, ప్రొజెస్టిరాన్ పాలగదుల మీద పని చేస్తాయి. ప్రతి నెలా అవి పెరిగి తగ్గుతుంటే లోపల నీరు పట్టి వాస్తుంది, రెండు వైపులా, ముఖ్యంగా పై భాగంలో, చంక వైపు. నెలసరితో పాటు వచ్చి పోయే నొప్పి క్యాన్సర్ గుర్తు కాదు. సరైన కొలత బ్రా, మరీ ఎక్కువైతే పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ చాలు. ఆ ప్రిమ్‌రోజ్ నూనె గోలీలకు ఉత్త గోలీల కంటే గొప్ప ఫలితం ఏమీ రాలేదు. డబ్బులు దండగ. కానీ ఒకే వైపు, ఒకే చోట, నెలసరి వచ్చి పోయినా తగ్గని గడ్డో నొప్పో ఉంటే చూపించండి. మీకు నలభై దాటాయి కాబట్టి ఒకసారి మామోగ్రామ్ చేయించుకుంటే మంచిదే. నెలసరి వచ్చి పోయిన వారంలో వెళ్లండి, నొక్కినా నొప్పి తక్కువ. ఆ రోజు చంకల్లో పౌడర్, స్ప్రే వద్దు. ఫిల్ములో తెల్లటి చుక్కల్లా పడి మమ్మల్ని తికమక పెడతాయి.

నర్సంపేట మిర్చి

అన్నీ బాగానే చెప్తున్నరు గానీ, సూది పొడిస్తే గడ్డ లేస్తది, లేచి ఒళ్లంతా పాకుతది అని మా ఊళ్లె పెద్దోళ్లందరూ అంటరు. మా మేనత్తకు అట్లనే అయింది. సూది పెట్టిన ఆర్నెల్లకు పోయింది. పసరు కట్టేటాయన దగ్గర ఎందరికో కరిగింది.

స్టాఫ్ నర్స్ అక్క (వరంగల్)

మేనత్త పోయినందుకు బాధే. కానీ ఆమె సూది వల్ల పోలేదు, రోగం వల్ల పోయింది. సూది పెట్టేనాటికే రోగం ముదిరి ఉంటుంది. సూది పరీక్ష వల్ల క్యాన్సర్ పాకదు. ఇక పసరుతో కరిగినవి అంటావా, వాటిలో సగం నెలసరి వాపులు, వాటంతట అవే పోతాయి. ఇంకొన్ని నీటి తిత్తులు. పేరు మాత్రం పసరాయనకు. కరగని వాళ్ల సంగతి ఆయన దగ్గర ఎవరూ రాసి పెట్టుకోరు కదా. వాళ్లు మా దగ్గరకు వస్తారు, పైన చర్మం కాలి పుండై. ఆ పుండు మానితే గానీ ఆపరేషన్ చేయలేరు, మందు ఎక్కించలేరు. కోపం తెచ్చుకోకు, ఆ కట్టు విప్పేది నేను కాబట్టి చెప్తున్నా.

నర్సంపేట మిర్చి

కోపం ఏం లేదక్కా. అడిగిన, అంతే.

జనగామ బస్టాండ్

జాకెట్లో ఫోన్ పెట్టుకుంటే, నల్ల బ్రా వేసుకుంటే వస్తుందని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ వస్తుంది. నిజమేనా?

సర్జరీ డాక్టర్ (వరంగల్)

రెండూ అబద్ధమే. ఫోన్ జాకెట్లో పెట్టుకుంటే జారి బకెట్లో పడుతుంది, అదొక్కటే ప్రమాదం. దెబ్బ తగిలినా క్యాన్సర్ రాదు. బండి మీద నుంచి పడ్డాక లోపలి కొవ్వు దెబ్బతిని గట్టి గడ్డ కట్టవచ్చు. అది క్యాన్సర్‌లాగే తగులుతుంది, కానీ కాదు. దాన్నీ పరీక్ష చేసే తేల్చాలి. నిజంగా ముప్పు పెంచేవి వేరు: వయసు, చిన్న వయసులో రజస్వల కావడం, నెలసరి ఆలస్యంగా ఆగడం, పిల్లలు లేకపోవడం లేదా 30 దాటాక మొదటి కాన్పు, నెలసరి ఆగాక పెరిగే బరువు, మద్యం. పాలివ్వడం తగ్గిస్తుంది. అనేక దేశాల లెక్కలు కలిపి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, మొత్తం కలిపి ప్రతి 12 నెలలు పాలిచ్చినందుకు ముప్పు 4 శాతానికి కొంచెం పైన తగ్గుతోందని. అలాగని పాలిచ్చినవాళ్లకు రాదని కాదు. నలుగురు పిల్లలకు పాలిచ్చాను, నాకెట్ల వస్తది అనే అవ్వలు మాకు రోజూ కనబడతారు.

మోడరేటర్

ఒక మాట. ఈ చర్చలో రాసిన ఆడవాళ్లకు ఇన్‌బాక్స్‌లో "ఫోటో పంపండి, చూసి చెప్తా" అని మెసేజ్‌లు పెట్టిన ఇద్దరిని తీసేశాం. గడ్డ ఫోటోలు ఇక్కడ గానీ విడిగా గానీ ఎవరికీ పంపకండి. నిజమైన డాక్టర్ ఎవరూ అడగరు. రిపోర్టు పెట్టాలనుకుంటే పేరు, నంబరు చెరిపేసి పెట్టండి.

వడ్డేపల్లి వదిన (హన్మకొండ)

సోమవారం వెళ్లొచ్చాం. డాక్టరమ్మ చేత్తో చూసి, ఫైబ్రోఅడినోమాలా ఉంది, స్కాన్ ప్రకారం ఆరు నెలలు ఆగొచ్చు, కానీ పెళ్లి ముందు ఈ అనుమానం మోస్తూ తిరగడం ఎందుకు, ముక్క పరీక్ష చేసేద్దాం అన్నారు. నేను లోపలే ఉన్నాను. తెర మీద గడ్డ నల్లటి బాదంపప్పులా కనబడింది. మత్తు సూది వేశారు, అదొక్కటి చురుక్కుమంది అంది పిల్ల. తర్వాత ఒక గన్ లాంటిది, నొక్కితే టక్‌మని శబ్దం. "ఇదిగో ఈ శబ్దం వస్తుంది, ఉలిక్కిపడకు" అని ముందే ఒకసారి గాల్లో నొక్కి వినిపించారు, ఆ ఆలోచన నాకు భలే నచ్చింది. దారప్పోగుల్లాంటి తెల్లటి ముక్కలు సీసాలో వేశారు, తర్వాత పది నిమిషాలు గుడ్డతో అదిమి పట్టుకోమన్నారు. కుట్టు లేదు, ఒక ప్లాస్టర్, అంతే. కొంచెం నల్లగా కమిలింది.

రిపోర్టు వచ్చింది, ఫైబ్రోఅడినోమానే. అందరికీ థాంక్స్. ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ, తీయించాలా వద్దా, అవతలివాళ్లకు చెప్పాలా వద్దా.

పరకాల పత్తి

తీయించేయండి అక్కా. రేపు పెళ్లయ్యాక వాళ్ల చేతికి తగిలితే ముందే ఎందుకు చెప్పలేదని మాట వస్తుంది. ఊళ్లలో ఈ మాటలు ఎట్లుంటాయో తెలుసు కదా.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

గడ్డ కోసం ఆపరేషన్ చేస్తాం, మాట కోసం చేయం. 14 మిల్లీమీటర్ల ఫైబ్రోఅడినోమాను అలాగే ఉంచి ఆరు నెలలకోసారి చూసుకుంటూ రెండేళ్లు గడిస్తే చాలు. చాలావరకు ఉన్నంతే ఉంటాయి, కొన్ని చిన్నవవుతాయి. గబగబా పెరిగితే, 3 సెంటీమీటర్లు దాటితే, ముక్క పరీక్షలో ఫిల్లాయిడ్స్ (వేగంగా పెరిగే ఇంకో రకం గడ్డ) అనే అనుమానం రాస్తే తీస్తాం. గర్భం వచ్చినప్పుడు కొంచెం పెరగొచ్చు, అప్పుడు ఒకసారి స్కాన్ చేయించుకోవాలి. మామూలు ఫైబ్రోఅడినోమా క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. తీయించుకుంటే తప్పా అంటే తప్పు కాదు, అమ్మాయి కోరుకుంటే తీస్తాం, చిన్న మచ్చ మిగులుతుంది. కానీ అది ఆ అమ్మాయి నిర్ణయం కావాలి, అవతలివాళ్లది కాదు.

వడ్డేపల్లి వదిన (హన్మకొండ)

పిల్లను అడిగాను. వద్దంది. "అడిగితే రిపోర్టు చూపిస్తా, నచ్చకపోతే వాళ్లిష్టం" అంది. మా అత్తమ్మ మూతి ముడుచుకుంది గానీ ఏమీ అనలేదు.

కొత్త అమ్మ (భీమారం)

నాది వేరే సమస్య, ఇక్కడే అడగొచ్చా? కాన్పు అయి మూడు వారాలు. కుడి రొమ్ములో బయటి వైపు ఎర్రగా, రాయిలా గట్టిగా అయింది, నిన్న రాత్రి నుంచి చలి జ్వరం. మా అమ్మ వేడినీళ్ల గుడ్డ పెట్టి గట్టిగా పిసుకుతోంది, ప్రాణం పోతోంది. ఆ పక్క పాలు బాబుకు ఇవ్వొద్దు, విషం అంటోంది.

స్టాఫ్ నర్స్ అక్క (వరంగల్)

చెల్లె, ముందు ఆ పిసుకుడు ఆపించు. వెనకట మేము కూడా వేడి పెట్టి రుద్దమనేవాళ్లం, ఇప్పుడు మారింది. 2022లో తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన సూచనల్లో గట్టిగా రుద్దొద్దు, పంపు పెట్టి అదేపనిగా పిండొద్దు, చల్లటి గుడ్డ పెట్టండి అని స్పష్టంగా చెప్పారు. రుద్దితే లోపల వాపు ఇంకా పెరుగుతుంది. పాలు విషం కాదు. బాబుకు రెండు వైపులా మామూలుగా ఇవ్వు, ఆపేస్తే పాలు నిలిచి చీము పట్టే ప్రమాదం ఎక్కువ. నోరు బాగా తెరిచి, మొన ఒక్కటే కాకుండా నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించు. మొన పగిలి ఉంటే దాని గుండానే క్రిములు లోపలికి పోతాయి.

చలి జ్వరం అంటున్నావు కాబట్టి ఈ రోజే దవాఖానకు వెళ్లు. వరంగల్ సీకేఎం ప్రసూతి దవాఖాన గానీ హన్మకొండ ప్రసూతి దవాఖాన గానీ, కాన్పు చేసిన చోటుకు గానీ. తల్లీబిడ్డకు పడే యాంటీబయోటిక్ రాస్తారు. మెడికల్ షాపులో అడిగి ఏదో ఒకటి వేసుకోకు, రెండు గోలీలు వేసి జ్వరం తగ్గగానే ఆపేయకు. రెండు రోజులైనా తగ్గకపోతే స్కాన్ తీస్తారు, చీము ఉంటే ఇప్పుడు చాలావరకు సూదితోనే లాగేస్తున్నారు.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

నర్స్ అక్క చెప్పినదానికి ఒకటే కలుపుతాను, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. మందుల కోర్సు పూర్తయినా ఎరుపు తగ్గకపోతే, చర్మం నారింజ తొక్కలా మందంగా గుంటలు గుంటలుగా అయితే, "ఇంకో కోర్సు వాడండి, ఇంకో కోర్సు వాడండి" అని నెలలు గడపకూడదు. ముక్క పరీక్ష చేయాలి. వాపులా కనబడే క్యాన్సర్ ఒకటుంది, అరుదే గానీ వేగంగా ముదురుతుంది. అలాగే మన దేశంలో టీబీ రొమ్ములోకి కూడా వస్తుంది, మళ్లీ మళ్లీ చీము పట్టి మానని పుండ్లు పడతాయి. గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని ఇంకోటి, పిల్లల్ని కన్న వయసు ఆడవాళ్లలో చూస్తాం, గడ్డ చూస్తే క్యాన్సరే అనిపిస్తుంది, కాదు. మూడింటికీ మందు వేరు, చూపులకు మాత్రం ఒకేలా ఉంటాయి.

హంటర్ రోడ్ టీచర్

నాకు 33. పాప పాలు మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు నొక్కితే రెండు వైపులా తెల్లగా పాలలా వస్తోంది. గర్భం లేదు, టెస్ట్ చేసుకున్నా. భయంగా ఉంది, ఆయనకు కూడా చెప్పలేదు.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

గ్యాస్ గోలీలు వాడుతున్నారా?

హంటర్ రోడ్ టీచర్

రోజూ పొద్దున పరగడుపున ఒకటి. ఏడాది నుంచి. మీకెలా తెలుసు?

సర్జరీ డాక్టర్ (వరంగల్)

వరంగల్‌లో సగం మంది వేసుకునే గోలీ అదే కాబట్టి. షాపులో ఇచ్చే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో పాంటోప్రజోల్‌తో పాటు డోమ్‌పెరిడోన్ కలిసి ఉంటుంది, పేరు చివర డి అని ఉంటే అదే. అది ప్రొలాక్టిన్ హార్మోన్ పెంచుతుంది, ప్రొలాక్టిన్ పాలు పుట్టిస్తుంది. వాంతులు తగ్గడానికి వాడే కొన్ని మందులు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు కూడా అంతే. మానసిక మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌ను అడగండి. మీరు ప్రొలాక్టిన్, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించుకుని రాసిన డాక్టర్‌కు చూపించి ఆ గోలీ మార్పించుకోండి. థైరాయిడ్ తగ్గినా, తలలో పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నా పాలు రావచ్చు. మాటిమాటికీ నొక్కి చూడకండి, నొక్కేకొద్దీ వస్తుంది.

భయపడాల్సిన స్రావం ఏదంటే, నొక్కకుండానే వచ్చేది, ఒకే వైపు ఒకే రంధ్రం నుంచి, నీళ్లలా గానీ రక్తంలా గానీ వచ్చేది. దానికీ ఎక్కువసార్లు కారణం నాళంలో పుట్టే చిన్న పులిపిరి లాంటి పాపిల్లోమానే. అయినా చూపించాల్సిందే. చనుమొన మీద మానని తామర లాంటిది ఒకే వైపు ఉంటే చర్మం డాక్టర్ దగ్గర ఆయింట్‌మెంట్లు మారుస్తూ కూర్చోవద్దు, అది కూడా ముక్క పరీక్షతోనే తేలాలి.

పరకాల పత్తి

మా పాపకు 10 ఏళ్లు. ఒక వైపే చనుమొన కింద చిన్న గట్టి బిళ్లలా వచ్చింది, తగిలితే నొప్పి అంటోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ చూసి గడ్డ, కోసి తీసేయాలి, నేను రాసిస్తా అన్నాడు.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

అమ్మా, కత్తి దగ్గరకు పోనివ్వకండి. ఆ వయసులో అది ఎదుగుదల మొదలైన గుర్తు. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది, ఒక వైపు ముందు, రెండో వైపు కొన్ని నెలలకు రావడం మామూలే. దాన్ని గడ్డ అనుకుని తీసేస్తే ఆ వైపు ఇక ఎదగదు, జీవితాంతం దిద్దలేని నష్టం. 8 ఏళ్ల లోపే కనబడినా, 13 దాటినా మొదలు కాకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. మీ పాపకు ఏ మందూ అక్కర్లేదు, ఇది మామూలే అని ఆమెకు మీరు చెబితే చాలు.

పరకాల పత్తి

మీకు దండం పెడతా సార్. రేపే కోయించేద్దామనుకున్నాం.

జనగామ బస్టాండ్

మా అమ్మకు 54. ఊరికి వచ్చే ఏఎన్‌ఎం రొమ్ము పరీక్ష చేస్తామంటే సిగ్గుపడి తప్పించుకుంటోంది. చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది, పెద్ద మిషన్లు ఉంటే గానీ అంటోంది.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

తెలుస్తుంది. ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్ల మీద ఇదే చూశారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి బస్తీల్లో చేత్తో పరీక్ష చేశారు. 20 ఏళ్ల లెక్క 2021లో బయటికి వచ్చింది, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్న వయసువాళ్లలో ఆ తేడా రాలేదు. మీ అమ్మగారు సరిగ్గా లాభం ఉన్న వయసులో ఉన్నారు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది, 2022 అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 1,92,000 కొత్త కేసులు, 98 వేల మరణాలు. ఎక్కువమంది ఆలస్యంగా రావడమే ఇంతమంది పోవడానికి పెద్ద కారణం. ప్రభుత్వ లెక్కలో 30 దాటిన ప్రతి మహిళకూ ఈ పరీక్ష ఉచితం.

స్టాఫ్ నర్స్ అక్క (వరంగల్)

ఊళ్లో సిగ్గు అయితే మంగళవారం పట్టణంలో ఆరోగ్య మహిళ కేంద్రానికి తీసుకెళ్లు. 2023 మార్చి 8న ఆడవాళ్ల కోసమే మొదలుపెట్టారు, చూసేవాళ్లు కూడా ఆడవాళ్లే. పరీక్ష అంటే ఏం లేదు, పడుకోబెట్టి చెయ్యి తల కింద పెట్టించి మూడు వేళ్ల మెత్తటి భాగంతో గుండ్రంగా తడుముతూ చంక దాకా పోతారు, రెండు వైపులా కలిపి పది నిమిషాలు పట్టదు. పక్కింటావిడను కూడా కలిపి తీసుకెళ్లు, ఇద్దరైతే అమ్మ బెట్టు చేయదు.

భద్రకాళి బండ్ వాకర్

మా పిన్నికి 38 ఏళ్లకే వచ్చింది, మా అమ్మమ్మకు కూడా ఉండేదట. మాకు తప్పదా?

సర్జరీ డాక్టర్ (వరంగల్)

తప్పదని ఎవరు చెప్పినా నమ్మకండి. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఇంట్లో ఎవరికీ ఉండదు, పుట్టుకతో వచ్చే జన్యులోపం వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10. అయితే మీ ఇంట్లో ఇద్దరు, అందులో ఒకరు చిన్న వయసు, కాబట్టి బీఆర్‌సీఏ జన్యు పరీక్ష (రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే జన్యులోపం ఉందేమో చూసేది) గురించి అడగడం న్యాయం. ముందు మీ పిన్నికి చేస్తే తెలివైన పని, ఆమెకు లోపం ఉంటేనే మిగతావాళ్లకు వెతకడంలో అర్థం ఉంటుంది. అండాశయ క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందేమో కూడా అడిగి రాసుకోండి.

నర్సంపేట మిర్చి

ఇది మగోళ్లు అడగొచ్చో లేదో. మా బాపుకు 63. కాలేయం బాగాలేక నీరు దిగడానికి గోలీలు వాడుతున్నడు. రెండు దిక్కులా చన్ను పెరిగింది, అది డాక్టర్ మందుల వల్లే అన్నడు. కానీ ఎడమ దిక్కు మొన పక్కన గట్టిగ ఉంది, మొన లోపలికి గుంజినట్టు అయితున్నది. నలుగురిలో బనియన్ విప్పడు, దవాఖానకు రమ్మంటే ఇది ఆడోళ్ల రోగం, నవ్వుతరు అంటడు.

సర్జరీ డాక్టర్ (వరంగల్)

రెండు వైపులా మెత్తగా పెరగడం నీరు దిగడానికి ఇచ్చే స్పిరోనొలాక్టోన్ గోలీ వల్ల, కాలేయం వల్ల కావచ్చు, అది నిజమే. కానీ ఒక వైపు గట్టిగా, మొనకు పక్కగా ఉండి మొన లోపలికి లాగుతోంది అంటే అది వేరే లెక్క. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లకు వస్తుంది, కణజాలం తక్కువ కాబట్టి చర్మానికి త్వరగా అంటుకుంటుంది. ఈ వారంలోనే సర్జరీ ఓపీకి తీసుకురండి. అవే మూడు పరీక్షలు, మామోగ్రామ్ మగవాళ్లకూ తీస్తాం. నీరు దిగే గోలీలు మీరు ఆపకండి, చీటీ తీసుకురండి చాలు. రక్తం పలచబడే మందు ఏదైనా వాడుతుంటే ముందే చెప్పాలి, సూది పెట్టే ముందు అది తెలియాలి.

నర్సంపేట మిర్చి

పైసలు ఎంత పట్టుకురావాలె సార్? పత్తి ఇంకా అమ్మలే.

స్టాఫ్ నర్స్ అక్క (వరంగల్)

వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు వస్తే ఓపీ చీటీకి పైసల గురించి ఆలోచించకు. పొద్దున తొమ్మిదిలోపు వచ్చి సర్జరీ ఓపీ అని అడుగు, ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, కాలేయం స్కాన్ అన్నీ ఒక కవర్లో పెట్టుకో. రోగం అని తేలితే ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ఉన్నాయి, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి 10 లక్షల దాకా. హైదరాబాద్ పోవాల్సి వస్తే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ప్రభుత్వానిదే. ఆరోగ్యమిత్ర అని కౌంటర్ ఉంటుంది, ముందు అక్కడికి పోండి. బాపుకు ఆడోళ్ల రోగం అని చెప్పకు, ఛాతీ చూపించుకోవాలి అని చెప్పి బస్సెక్కించు. గుండీల అంగీ వేయించు, తల మీంచి విప్పే బనియన్ అయితే అక్కడ మళ్లీ సతాయిస్తడు.

నర్సంపేట మిర్చి

గురువారం వస్తున్నమక్కా. మొదటి బస్సుకు.